నువ్వక్కడ ఉన్నావా బాబూ?

చరిత్రను కథగా మలిచే ఇంగ్లిష్ నవలాకారులు తమకు తెలియనిది తెలియదని ఒప్పుకోవడం అర్ధ శతాబ్దం కిందటే నేర్చుకున్నారు. ఒక విలేకరికి ఆ మాట నోరు దాటడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది

2012 వేసవి. ఉత్తర కోస్తాలోని ఒక ఊళ్లో ఫ్యాక్టరీ ఏర్పాటుపై ప్రజాభిప్రాయ సేకరణ. నేనప్పుడు ఒక దినపత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. సభ పదకొండు గంటలకు. నేనెక్కిన బస్సు దారిలో మొరాయించింది. ఊరు చేరేసరికి ఒంటిగంట దాటింది. స్కూలు ఆవరణలో షామియానా ఒక పక్కకు ఒరిగి ఉంది. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, తెగిన చెప్పులు, ఒక స్టీలు క్యారేజీ మూత. మనుషులు లేరు. స్టేషన్‌కు వెళ్లి సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ను కలిశాను. నాకంటే ముందొచ్చిన మరో పత్రిక విలేకరిని అడిగాను. ఆయన కూడా సీఐనే అడిగి రాసుకున్నాడని తర్వాత తెలిసింది. ఐదు గంటలకల్లా వార్త పంపేశాను. అందులో మొదటి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: ‘‘సభ మొదలైన పది నిమిషాలకే ముందు వరుసలోని యువకులు అధికారులపై కుర్చీలు విసరడంతో పోలీసులు లాఠీచార్జి చేశారు.’’

మర్నాడు జిల్లా పేజీలో పై భాగాన వచ్చింది. జిల్లా పేజీల వార్తలకు రాసినవాడి పేరుండదు. కాబట్టి ఆ వాక్యాన్ని చెబుతున్నదెవరో ఎవరికీ తెలియదు. ఆకాశంలోంచి చూసి చెప్పినట్టే ఉంటుంది. పోలీసులు పదకొండు మందిపై కేసు పెట్టారు. వాళ్లలో ఒకడికి పంతొమ్మిదేళ్లు.

ఏడాది తర్వాత వేరే పనిమీద మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పత్రిక నుంచి వచ్చానని తెలిసి ఒకామె నా దగ్గరకొచ్చింది. ఆ కుర్రాడి తల్లి. ‘‘మా గుంటడు కుర్చీ ఇసిరినాడని పేపర్లో రాసినారు. రాసినోలు ఎవులు?’’ అంది. కోపంగా అడగలేదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఎవరిని అడగాలి అన్నట్టు అడిగింది. నేనే రాశానని చెప్పాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది: ‘‘నువ్వక్కడ ఉన్నావా బాబూ?’’

రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేసినవాణ్ణి. రాజ్యం గురించి, అధికారం గురించి, చరిత్ర రాసేవాళ్ల పక్షపాతాల గురించి రెండేళ్లు చదువుకున్నాను. అంత సూటి ప్రశ్న నా సిలబస్‌లో ఎక్కడా లేదు. అది ఎదురైంది ఒక ఇంగ్లిష్ నవలలో. కాకపోతే మొదటిసారి చదివినప్పుడు నాకది ప్రశ్న అని తెలియలేదు.

హాస్టల్లో నా గది పంచుకున్న ఇంగ్లిష్ విభాగం మిత్రుడు వెళ్లిపోతూ వదిలేసిన పుస్తకాల్లో జాన్ ఫౌల్స్ రాసిన ది ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ వుమన్ ఉంది. 1969లో వచ్చిన నవల. కథ మాత్రం 1867లో, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. శిలాజాలు ఏరుకునే ఛార్లెస్ అనే పెద్దింటి యువకుడు, అతనికి నిశ్చయమైన ఎర్నెస్టీనా, ఊరంతా వేలెత్తి చూపే సారా అనే ఒంటరి స్త్రీ. పన్నెండు అధ్యాయాల వరకు అచ్చం విక్టోరియా కాలపు నవలలాగే సాగుతుంది. సారా ఎవరు, ఏమిటి అనే ప్రశ్నతో పన్నెండో అధ్యాయం ముగుస్తుంది. పదమూడో అధ్యాయం తెరవగానే కథకుడు తనకు తెలియదంటాడు. తాను చెబుతున్న కథ కల్పన అని, ఈ పాత్రలు తన ఊహలో తప్ప ఎక్కడా లేవని, సర్వం తెలిసినట్టు ఇంతసేపూ మాట్లాడింది ఆ కాలపు నవలల పద్ధతిని అనుసరించి మాత్రమేనని ఒప్పుకుంటాడు.

హాస్టల్ మంచంమీద అది చదివినప్పుడు చిరాకేసింది. హాయిగా సినిమా చూస్తుంటే ఆపరేటర్ తెర ముందుకొచ్చి మాట్లాడినట్టనిపించింది. మా ఇంట్లో అలాంటి చారిత్రక నవలలు లేవు. అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి, తెన్నేటి సూరి చెంఘిజ్ ఖాన్ చదివి పెరిగినవాణ్ణి. అక్కడ కథకుడికి కోట లోపల ఏం జరుగుతోందో తెలుసు, కోట బయట గుర్రం మీదున్నవాడి మనసులో ఏముందో తెలుసు. 1814లో వేవర్లీతో వాల్టర్ స్కాట్ వేసిన బాట అలాంటిదే. నిజంగా జరిగిన తిరుగుబాటు మధ్యలోకి కల్పిత యువకుణ్ణి పంపి, కొండమీద నిలబడి లోయనంతా చూస్తున్నట్టు కథ చెప్పడం. పాఠకుడికి అందులో ఒక భరోసా ఉంటుంది. చెప్పేవాడికి అన్నీ తెలుసు.

ఆమె ప్రశ్న వేసిన రోజు తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు నాకు ఫౌల్స్ పదమూడో అధ్యాయం గుర్తొచ్చింది. ఆయన ఒప్పుకున్నది నేను ఒప్పుకోలేదు. ఆయన రాసింది నవల, నేను రాసింది వార్త. ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువ?

అప్పటి నుంచి ఈ రకం నవలలు వెతికి చదవడం మొదలుపెట్టాను. పరిశోధన కోసం కాదు. ఒక తప్పు చేసినవాడు అలాంటి తప్పే చేసిన ఇంకొకరి కథ వినడానికి ఇష్టపడతాడు, అంతే. కెనడా విమర్శకురాలు లిండా హచియన్ 1988లో ఈ తరహా రచనలకు ఒక పెద్ద పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే, చరిత్రను చెబుతూనే చరిత్రను ఎలా చెబుతున్నామో కూడా బయటపెట్టే కల్పన. పేరు బరువైనదే గానీ పని తేలికగానే అర్థమవుతుంది. మన బుర్రకథ చూసినవాళ్లకు మరీ తేలిక. కథకుడు వీరావేశంతో యుద్ధం చెబుతుంటే పక్కనున్న వంత ఆపి ప్రశ్నిస్తాడు. ఒక వంత హాస్యమాడతాడు, ఇంకో వంత ఇవాళ్టి రాజకీయాలు తెస్తాడు. అంత మాత్రాన అల్లూరి సీతారామరాజు కథ అబద్ధమని ఎవరూ లేచిపోరు. ఒక మనిషి నిలబడి చెబుతున్న కథ అని గుర్తుంటుంది, అంతే.

సల్మాన్ రష్దీ మిడ్‌నైట్స్ చిల్డ్రన్‌లో (1981) పచ్చళ్ల ఫ్యాక్టరీలో కూర్చుని కథ చెప్పే సలీం సినాయ్‌కి పద్మ అలాంటి వంతే. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి పుట్టిన సలీం తన కథను దేశ చరిత్రతో ముడివేసి డొంకతిరుగుడుగా చెబుతుంటే పద్మ విసుక్కుంటుంది, తర్వాతేమైందని తొందరపెడుతుంది, నమ్మనంటుంది. సలీం తప్పులు కూడా చేస్తాడు. గాంధీ హత్య తేదీని తప్పు చెప్పి, ఆ తర్వాత తప్పని గ్రహించి, అయినా దిద్దకుండా వదిలేస్తాడు. వాల్మీకి రామాయణాన్ని వినాయకుడికి చెప్పి రాయించాడంటాడు. వినాయకుడు రాసింది వ్యాసుడు చెప్పిన భారతమని మన దగ్గర బడిపిల్లలకు కూడా తెలుసు. ఈ పొరపాట్ల గురించి రష్దీ తర్వాత ఒక వ్యాసమే రాశారు. కొన్ని తెలియక దొర్లినవి, కొన్ని తెలిసే పెట్టినవి. జ్ఞాపకం మీద ఆధారపడి చరిత్ర చెప్పేవాడు ఇలాగే చెబుతాడని చూపడం ఆయన ఉద్దేశం. చమత్కారమేమిటంటే, ఇన్ని తప్పులున్న సలీంను పాఠకుడు నమ్ముతాడు. తప్పు చేయగల మనిషి అని తెలిసింది కాబట్టే నమ్ముతాడు.

గ్రహామ్ స్విఫ్ట్ రాసిన వాటర్‌లాండ్ (1983) కథకుడు టామ్ క్రిక్ హిస్టరీ టీచరు. బడిలో చరిత్ర బోధనకు కత్తెర పడుతోంది, ఆయన ఉద్యోగానికి ఎసరొచ్చింది. భార్య సూపర్‌మార్కెట్‌లో ఒక పసిపాపను ఎత్తుకొచ్చింది. ప్రపంచమే అణుయుద్ధంలో అంతమయ్యేలా ఉంటే ఫ్రెంచి విప్లవం ఎందుకని ఒక విద్యార్థి నిలదీస్తాడు. క్రిక్ సిలబస్ పక్కనపెట్టి తన ఊరి కథ ఎత్తుకుంటాడు. తూర్పు ఇంగ్లండ్‌లోని ఫెన్స్ ప్రాంతం అది. నీళ్లను తోడి, కట్టలు పోసి సంపాదించిన నేల. ఏమరుపాటుగా ఉంటే నీరు మళ్లీ వచ్చేస్తుంది. 1943లో కాలవలో తేలిన ఒక కుర్రవాడి శవం, దాని వెనకున్న తన సొంత తప్పు, తాతల నాటి బీరు వ్యాపారం, చేపల జీవశాస్త్రం, అన్నీ కలగలుపుగా వస్తాయి. కథ ముందుకు వెళ్లదు, చుట్టూ తిరుగుతుంది. ఎందుకంటే ప్రతి ‘ఎందుకు’ వెనక ఇంకో ‘ఎందుకు’ ఉంటుంది. గోదావరి లంకల్లోనో, కొల్లేటి కట్టల మీదో పెరిగినవాళ్లకు ఆ నేల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వాటర్‌లాండ్ చదువుతుంటే నా వార్తలోని మొదటి వాక్యం గుర్తుకొచ్చింది. ‘కుర్చీలు విసరడంతో.’ తెలుగు పత్రికల్లో పనిచేసినవాళ్లకు ఈ ‘డంతో’ ఎంత అక్కరకొచ్చేదో తెలుసు. రెండు సంఘటనలను ఒక వాక్యంలో కూర్చేస్తుంది. ఏది ముందో, ఏది తర్వాతో చెప్పేస్తుంది. అంతటితో ఆగకుండా, మొదటిది కారణం, రెండోది ఫలితం అని కూడా తీర్పు చెప్పేస్తుంది. ఇన్ని పనులు చేసి, ఏమీ చేయనట్టు కూర్చుంటుంది. టామ్ క్రిక్ మూడు వందల పేజీలు తిరిగి కూడా తేల్చలేని కార్యకారణ సంబంధాన్ని నేను రెండక్షరాల్లో తేల్చేశాను. నా అబద్ధం దాక్కున్న చోటు అదే.

ఇంకోటి కూడా గమనించాను. మా నాయనమ్మ ఏ కబురు చెప్పినా చివర ‘ట’ చేర్చేది. వచ్చాడట, అన్నాడట, కొట్టుకున్నారట. తన కళ్లతో చూస్తే ‘ట’ ఉండదు, విన్నదైతే ఉంటుంది. పొరపాటున కూడా ఆమె వాటిని కలిపేది కాదు. చదువురాని మనిషి ప్రతి వాక్యానికీ ఆధారం చూపించేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే డెస్కులో నాకు చెప్పిన పాఠం వార్తలో ‘ట’ రాయకూడదని. సబబే. పత్రికకు గాలి కబుర్లు పనికిరావు. కానీ ‘ట’ తీసేస్తే విన్నది చూసినదైపోదు కదా. చూసినట్టు కనిపిస్తుందంతే. ఫౌల్స్, స్విఫ్ట్, రష్దీ చేసిన పనిని నాకర్థమైన తెలుగులో చెప్పాలంటే, చారిత్రక నవల వదిలేసిన ‘ట’ను వాళ్లు మళ్లీ తెచ్చి పెట్టారు.

ఇక్కడే నేనొక దొంగదారి కూడా పట్టాను. ఎంఏలో హేడెన్ వైట్ గురించి విని ఉన్నాను. చరిత్రకారుడు కూడా కథకుడిలాగే తన సంఘటనలకు విషాదమనో, ప్రహసనమనో ఒక రూపం ఎంచుకుంటాడని 1973 నాటి మెటాహిస్టరీలో ఆయన వాదన. మన దగ్గర రుజువుకు వెతుక్కోనక్కర్లేదు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. 2022లో అదే రోజును కేంద్రం విమోచన దినమంది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినమంది. తేదీ ఒకటే, కథలు మూడు. ఇదంతా తలకెక్కించుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పోలీసులది ఒక వెర్షన్, ఊరివాళ్లది ఒక వెర్షన్. సత్యమంటూ ఒకటుంటుందా? అంత పెద్ద ఫ్రెంచి తత్వవేత్తలే లేదంటుంటే, జిల్లా విలేకరినైన నేనెంత?

ఈ సర్దుబాటు ఎక్కడికి దారితీస్తుందో లండన్ హైకోర్టులో 2000 సంవత్సరంలో తేలింది. హిట్లర్ కాలపు యూదుల ఊచకోతను కాదన్న డేవిడ్ ఇర్వింగ్ అనే రచయిత, తనను అలా అన్నందుకు అమెరికా చరిత్రకారిణి డెబోరా లిప్‌స్టాట్ మీద, ఆమె ప్రచురణకర్త పెంగ్విన్ మీద పరువునష్టం దావా వేశాడు. ప్రతివాదుల తరఫున కేంబ్రిడ్జి ఆచార్యుడు రిచర్డ్ ఎవాన్స్ రంగంలోకి దిగారు. ఎవరి కథ వారిదని ఆయన వదిలేయలేదు. ఇద్దరు సహాయకులను పెట్టుకుని ఇర్వింగ్ పుస్తకాల్లోని పాదసూచికలను ఒక్కొక్కటిగా మూల పత్రాలతో పోల్చి చూశారు. తేదీలెక్కడ మారాయో, మాటలెక్కడ ఎగిరిపోయాయో, అనువాదమెక్కడ వంకర తిరిగిందో 700 పేజీలకు మించిన నివేదికలో చూపించారు. ఆ పొరపాట్లన్నీ ఒకే వైపు మొగ్గాయి. ఏప్రిల్ 11న జస్టిస్ ఛార్లెస్ గ్రే ఇర్వింగ్ దావా కొట్టేశారు. సాక్ష్యాన్ని అతను ఉద్దేశపూర్వకంగా వక్రీకరించాడన్నారు.

ఫౌల్స్‌కు, ఇర్వింగ్‌కు తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకరు కల్పించి, కల్పించానని చెప్పారు. మరొకరు కల్పించి, పాదసూచిక తగిలించాడు. ఎలా చెప్పాలనేదానికి పది దారులుండవచ్చు. లాఠీ ముందు లేచిందా, కుర్చీ ముందు లేచిందా అనేదానికి పది జవాబులుండవు.

మా ఊరి విషయంలోనూ జవాబు ఒకటే ఉంది. అది ఒక ప్రభుత్వ కార్యాలయం అల్మారాలో ఉంది. పర్యావరణ అనుమతులపై 2006లో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణను మొత్తం వీడియో తీయాలి. ఆ రోజు కూడా తీశారు. నిందితుల లాయరు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి, అప్పీలుకు వెళ్లి, రెండేళ్లు తిరిగి ఆ సీడీ సంపాదించాడు. అందులో కుర్చీలు గాల్లోకి లేచిన మాట నిజమే. లాఠీలు లేచిన తర్వాత. ఆ కుర్రాడు మూడో వరుసలో ఉన్నాడు. కుర్చీని తలకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వీడియో నాకు 2012లోనే దొరికేది కాదేమో. కానీ నేను అడగలేదు. అమితావ్ ఘోష్ ది షాడో లైన్స్ (1988) చదివినప్పుడు ఇది మరీ గుచ్చుకుంది. ఆ నవలలోని కథకుడి ఆప్తుడు త్రిదిబ్ 1964 జనవరిలో ఢాకా అల్లర్లలో చనిపోతాడు. తన చిన్ననాట కలకత్తాలో జరిగిన అల్లర్లు మిత్రులెవరికీ గుర్తులేకపోవడంతో కథకుడు పదిహేనేళ్ల తర్వాత ఢిల్లీలోని తీన్‌మూర్తి లైబ్రరీలో పాత పత్రికలు తిరగేస్తాడు. మద్రాసు టెస్ట్ మ్యాచ్ గుర్తును బట్టి తేదీ పట్టుకుంటాడు. శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో పవిత్ర కేశం మాయం కావడానికీ, ఎక్కడో ఖుల్నాలో మంటలు లేవడానికీ, కలకత్తాలో తన స్కూలు బస్సు దారి మళ్లడానికీ ఉన్న సంబంధం అప్పుడు బయటపడుతుంది. యుద్ధాలకు పత్రికల్లో చోటుంది, అల్లర్లకు కొన్నాళ్లే. ఆ తర్వాత మౌనం. వృత్తిరీత్యా ఆ మౌనంలో నాకూ వాటా ఉంది. ఇప్పుడు ఈ పేరాలో నేనే రాసిన ‘లేకపోవడంతో’ దగ్గర ఆగి చూసుకున్నాను. అది ఉండదగ్గదే అనిపించింది, ఉంచాను.

అయితే పత్రాల్లో దొరికిందే మొత్తమనుకోవడం కూడా పొరపాటే. ఎ.ఎస్.బయట్ రాసిన పొసెషన్ (1990) ఆ మాట చాలా సున్నితంగా చెబుతుంది. ఇద్దరు నేటి పరిశోధకులు విక్టోరియా కాలపు ఇద్దరు కవుల రహస్య ప్రేమను ఉత్తరాల ద్వారా వెలికితీస్తారు. ఉత్తరాలు, డైరీలు, కవితలు అన్నీ బయట్ సృష్టించినవే. చివరికి పరిశోధకులకు అంతా తెలిసిపోయిందనుకున్నాక ఒక అనుబంధం వస్తుంది. ఒక వేసవి రోజున ఆ కవి పచ్చిక బయల్లో తన కూతురిని కలిశాడు. ఆమె జుట్టు పాయ ఒకటి దాచుకున్నాడు. ఆ పాపతో ఒక కబురు పంపాడు, ఆడుకుంటూ పాప మర్చిపోయింది. ఆ కలయికకు ఏ కాగితమూ లేదు. గడియారంలో దొరికిన వెంట్రుకలు ప్రియురాలివని పండితులు రాసుకున్నారు. పాఠకుడికొక్కడికే నిజం తెలుసు. ఆ ఊళ్లో విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్న క్యారేజీ మూత ఎవరిదో నేనిప్పటికీ కనుక్కోలేదు.

హిలరీ మాంటెల్‌ను ఈ వరుసలో చేర్చవచ్చా అనేది పండితులు తేల్చుకుంటారు. వుల్ఫ్ హాల్ (2009), బ్రింగ్ అప్ ద బాడీస్ (2012) రెండింటికీ బుకర్ బహుమతి వచ్చింది. ఎనిమిదో హెన్రీ ఆస్థానంలోని థామస్ క్రామ్‌వెల్ కథను ఆమె వర్తమాన కాలంలో చెబుతారు. అతనికి రేపు తెలియదు. తల తెగుతుందని మనకు తెలుసు, అతనికి తెలియదు. కథ చెప్పే గొంతు అతని భుజం మీదుగా మాత్రమే చూస్తుంది. అతను లేని గదిలో ఏం జరిగిందో అతనిలాగే మనమూ విని తెలుసుకోవాలి. ఆమె తన పాత్రలు ఏ తేదీన ఎక్కడున్నారో కార్డుల మీద రాసి పెట్టుకునేవారట. ఊహకు రెక్కలిచ్చే ముందు కాళ్లెక్కడున్నాయో చూసుకోవడమన్నమాట.

ఇన్ని నవలల్లోనూ నేను రెండోసారి తెరవలేనిది ఒకటుంది. ఇయాన్ మెక్‌ఇవన్ అటోన్‌మెంట్ (2001). 1935లో పదమూడేళ్ల బ్రయనీ చీకట్లో ఒక మనిషిని చూస్తుంది. అతను రాబీ అని చెబుతుంది. ఆమె చూడలేదు, అనుకుంది. అనుకున్నదాన్ని చూశానంది. రాబీ జైలుకెళ్తాడు, అక్కణ్నుంచి యుద్ధానికి వెళ్తాడు. తర్వాత అతను, అతన్ని ప్రేమించిన బ్రయనీ అక్క సిసీలియా కలుసుకున్నట్టు, బ్రయనీ వెళ్లి వాంగ్మూలం మార్చుకుంటానని మాటిచ్చినట్టు చదువుతాం. చివర్లో, 1999లో, డెబ్బై ఏడేళ్ల రచయిత్రి బ్రయనీ అసలు సంగతి చెబుతుంది. ఇప్పటిదాకా మనం చదివింది ఆమె రాసిన నవల. రాబీ, సిసీలియా 1940లోనే చనిపోయారు. ఆ కలయిక జరగలేదు, ఆ క్షమాపణ జరగలేదు. నవలాకారిణి కాబట్టి వాళ్లను పుస్తకంలో కలిపింది.

చాలామంది దాన్ని తెలివైన మలుపుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది ఒక లాయరు గదిని గుర్తు చేస్తుంది. 2013లో ఆ తల్లి ప్రశ్న వేసిన పది రోజులకు లాయరు నన్ను పిలిపించాడు. ఆ కుర్రాడికి బెయిల్ ఇవ్వొద్దంటూ వేసిన కాగితాల్లో నా వార్త క్లిప్పింగ్ ఉందని చూపించాడు. బెయిల్ రావడానికి ఇరవై మూడు రోజులు పట్టిందట. పత్రికలో వచ్చినంత మాత్రాన అది సాక్ష్యం కాదని, రాసినవాడు స్వయంగా చూసి ఉండాలని 1988లో లక్ష్మీరాజ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దేశ అత్యున్నత న్యాయస్థానమూ, ఆ తల్లీ అడిగింది ఒకే ప్రశ్న. ‘‘సంఘటన జరిగినప్పుడు మీరక్కడ లేరని ఒక అఫిడవిట్ ఇవ్వండి చాలు’’ అన్నాడు లాయరు. ఆఫీసులో అడిగి చెబుతానన్నాను. అడిగాను. కోర్టుల జోలికి పోవద్దన్నారు. కొత్త ఉద్యోగం, ఇంటి అద్దె, చెల్లి పెళ్లి. నేను మళ్లీ ఆ లాయరుకు ఫోన్ చేయలేదు. ఆయన చేస్తే ఎత్తలేదు. మరుసటి ఏడాది ఉద్యోగం మారిపోయాను.

2017లో కేసు కొట్టేశారు, వీడియో పుణ్యమా అని. ఆ వార్త ఏ పత్రికలోనూ నాకు కనపడలేదు. అప్పటికి కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. ఆ జిల్లాలో తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్లను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, వాళ్లు దేనికోసం పరుగెత్తుతున్నారో. సైన్యంలో సిపాయి ఉద్యోగానికి అప్పట్లో వయోపరిమితి ఇరవై ఒకటి. పెండింగ్ కేసున్నవాడిని తీసుకోరు. అతను పరుగులో బాగా ముందుండేవాడట. ఈ ‘ట’ నాది కాదు, వాళ్లమ్మది కూడా కాదు. ఊరివాళ్లు చెప్పింది.

పోయినేడు మళ్లీ వెళ్లాను. అతనిప్పుడు ఆటో నడుపుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. టీ ఇప్పించాడు. నా క్లిప్పింగ్ వాళ్లింట్లో పదో తరగతి మార్కుల జాబితాతో పాటు ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంది. తీసి చూపించాడు. కాగితం పసుపెక్కింది. రాసినవాడి పేరు లేని ఆ నాలుగు పేరాలు ఇప్పటికీ అంతే ధీమాగా ఉన్నాయి. తిరిగి ఇచ్చేస్తుంటే జాగ్రత్తగా కవర్లో పెట్టుకున్నాడు. పడేయవచ్చు కదా అన్నాను. ‘‘ఉండనీ అన్నా, ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారు’’ అన్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఈసారి నన్నేమీ అడగలేదు.

ఫౌల్స్ తన నవల చివర్లో కథకుడి చేత గడియారాన్ని పావుగంట వెనక్కి తిప్పించి, కథకు ఇంకో ముగింపు ఇప్పిస్తాడు. బ్రయనీ చనిపోయినవాళ్లను ఒక గదిలో కలిపింది. వాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. నా చేతిలో ఉన్నది వార్త. దాని గడియారం వెనక్కి తిరగదు. ఇప్పుడు నేనేం రాసినా ఆ ఇరవై మూడు రోజులూ, ఆ వయసూ తిరిగి రావు. ఏ కోర్టుకూ ఇప్పుడు దీని అవసరం లేదు. అయినా ఆ కవర్లో నా వాక్యం భద్రంగా ఉంది కాబట్టి, దాని పక్కన పెట్టుకోవడానికి ఇంకో కాగితం కూడా ఉండాలి. ఈసారి పేరుతోనే అచ్చవుతుంది కాబట్టి చెప్పింది ఎవరనే అనుమానం కూడా ఉండదు. 2013లో లాయరు అడిగిన అఫిడవిట్ ఇది, పన్నెండేళ్లకు పైగా ఆలస్యంగా:

ఆ రోజు కుర్చీలు లేచినప్పుడు, లాఠీలు లేచినప్పుడు నేనక్కడ లేను.